కడిగేసిన గడప

"ఆ కాగితం మీద నేను సంతకం పెట్టనండి. పెట్టమని చెప్పడానికే మీరూ వచ్చుంటే, పెట్రోలు దండగ."

లంకపాడు పోలీస్ స్టేషన్‌లో చెక్క బెంచీ మీద కూర్చున్న గీతాంజలి నాతో అన్న మొదటి మాట అది. ఆదివారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలు. తెల్లవారుతూనే ఏలూరులో ఇంటికెళ్ళి ఆమెని తీసుకొచ్చారు. సాయంత్రం ఐదింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కణ్ణించి జైలుకి పంపితే ఆమె ఫిజిక్స్ చెప్పే డిగ్రీ కాలేజీ వాళ్ళు ఆ పూటే ఉద్యోగంలోంచి తీసేస్తారు. ముప్ఫై ఏళ్ళు నిండని పిల్ల జన్మంతా దొంగ అనిపించుకుంటూ బతకాలి.

నా పేరు దుర్గాభవాని. ఏలూరు పవర్‌పేటలో మందుల షాపు మేడ మీద నా ఆఫీసు. ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు పెట్టి పదకొండేళ్ళయినా సగం మంది పెళ్ళి సంబంధాల వాకబుకే వస్తారు. గీతాంజలి తండ్రి శ్రీరామమూర్తి మాస్టారు మాత్రం ఇవాళ పొద్దున్నే వచ్చి, ఏడుపు ఆపుకుంటూ, "మా అమ్మాయి తలుపుల ఫొటోలు తీసిందని పట్టుకుపోయారమ్మా" అన్నారు. ఉన్నపళంగా స్కూటరు తీశాను.

"సంతకం పెట్టమనను. అందులో ఏం రాశారో చూడనివ్వండి" అన్నాను.

కాగితం తీసుకుని చదివాను. అనుమతి లేకుండా ఇళ్ళ తలుపులకి ఫొటోలు తీసినందుకు క్షమాపణ. కెమెరాలో కార్డు ఇచ్చేస్తానని హామీ. ఫోన్‌లో నడిపే ఫొటోల పేజీ ఇవాళే తీసేస్తానని ఇంకో హామీ. ఇవి ఒప్పుకుంటే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారు. చివర ఇంగ్లీషులో రెండు బరువైన మాటలు. అవి చూడగానే రాసినవాడెవడో నాకు అర్థమైంది.

"రోడ్డు మీద నిలబడి తీశానండీ," గీతాంజలి గొంతు లేచింది. "తలుపు రోడ్డు వైపుకే కదా చూసేది? చూస్తే తప్పు లేదుట, ఫొటో తీస్తే నేరంట! ఈ ఏడాది నాలుగు వందల పన్నెండు తలుపులకి తీశాను. కామవరపుకోటలో ఇనప బొడిపెల తలుపు నేను తీసిన వారానికే పీకేసి షట్టర్ పెట్టారు. ఇప్పుడది నా ఫొటోలోనే ఉంది. దానికి నేను క్షమాపణ రాయాలా?"

"రాయొద్దు. కానీ నేను అడిగినవాటికి కోపం లేకుండా చెప్పండి."

"కోపం లేకుండా ఎలా చెప్తానండీ?"

సరే, కోపంతోనే చెప్పమన్నాను. నాకూ అదే అలవాటు.

ఎస్సై నెల్సన్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. కుర్రవాడు, ఈ స్టేషన్‌కి కొత్త, మర్యాదస్తుడు. ఫిర్యాదు చదివి వినిపించాడు. ఫిర్యాదుదారు చలపతిరావు, కొల్లేటి గట్టున వరి పొలాలూ ఒక చేపల చెరువూ ఉన్న రైతు. ఆయన తమ్ముడు నాగసాయి, పెళ్ళి కాలేదు, అన్నా వదినలతోనే ఉంటాడు. పోయిన ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి అన్నతో కలిసి భోంచేసి, హైదరాబాద్ వెళ్ళే రైలెక్కుతానని బయల్దేరాడు. ఆ తర్వాత ఫోన్ పలకలేదు. సోమవారం ఫిర్యాదిచ్చారు. నిన్న రాత్రి పదింటికి మళ్ళీ వచ్చి ఇంట్లో రెండు వెండి కుందులు కూడా పోయాయని, అంతకు ముందు శుక్రవారం ఒక అమ్మాయి రెండుసార్లు వచ్చి తమ తలుపుకి ఫొటోలు తీసిందని, దొంగల ముఠా కోసం ఇల్లు చూసిపెట్టిందని అనుమానం రాసిచ్చారు.

"ఈ రెండో కాగితం చలపతిరావు గారు రాసింది కాదు" అన్నాను.

నెల్సన్ ఇబ్బందిగా నవ్వాడు. "వాళ్ళు పెట్టుకున్న డిటెక్టివ్ రాశారు మేడమ్. ఫణీంద్ర గారు, తాడేపల్లిగూడెం."

అనుకున్నాను. విజయవాడలో ఒకే ఏజెన్సీలో నాలుగేళ్ళు పనిచేశాం. ఆ నాలుగేళ్ళలో నా రిపోర్టులు రెండు అతని పేరుతో బయటికి వెళ్ళాయి. మూడోది వెళ్ళకముందే నేను బయటికొచ్చాను.

"ఒకే తలుపుకి రెండుసార్లు ఎందుకమ్మా?" గీతాంజలిని అడిగాను.

"ఉదయం వెళ్ళాను. తూర్పు ముఖం ఇల్లు. ఎదురుగా కరెంటు స్తంభం. దాని నీడ తలుపు మీద నిలువునా నల్లగా పడింది. బంగారంలాంటి టేకు తలుపండీ, రెండు రెక్కల మీదా చిలకలు చెక్కి ఉన్నాయి. ఒక చిలక పూర్తిగా నీడలో పోయింది. గట్టు మీద ఇంకో నాలుగు ఇళ్ళు చూసుకుని, ఎండ నడినెత్తికి వచ్చాక మళ్ళీ వచ్చాను."

నెల్సన్ కెమెరా తెచ్చి నా ఎదురుగానే ఆన్ చేశాడు. మొదటి ఫొటో, శుక్రవారం ఆరూ యాభై రెండు. రెండోది, అదే శుక్రవారం పదకొండూ నలభై ఏడు. చిలకల తలుపు రెండింటిలోనూ మూసే ఉంది. నేను చిలకల్ని చూడలేదు. కిందకి చూశాను. ఆ తర్వాత నెల్సన్‌ని పెద్దది చేసి చూపించమని అడిగి, మళ్ళీ కిందకే చూశాను. 

"ఎస్సై గారూ, ఈ ఫొటోలు తీసిన శుక్రవారం వరలక్ష్మీ వ్రతం కదా?"

"నాకు తెలీదు మేడమ్, మాది చర్చి" అన్నాడతను.

"వ్రతమేనండీ. అందుకే వెళ్ళాను. ఆవేళ గుమ్మాలు బాగుంటాయి" అంది గీతాంజలి.

"ఈవిణ్ణీ కెమెరానీ తీసుకుని ఆ ఇంటికి వెళ్దాం రండి. పోయిన చోటు చూడకుండా మనిషిని మేజిస్ట్రేటు ముందుకి తీసుకెళ్తే, ఆయన మొదట అడిగేది మిమ్మల్నే."

నెల్సన్ ఒక నిమిషం గోడ గడియారం వైపు చూసి టోపీ తీసుకున్నాడు.

పది గంటల నలభై నిమిషాలకి నెల్సన్ జీపూ నా స్కూటరూ ఆ గుమ్మం ముందు ఆగాయి. వీధిలో పదకొండు ఇళ్ళు. శ్రావణ మాసం, పది వాకిళ్ళలో ముగ్గులున్నాయి, పది గడపలు పచ్చగా ఉన్నాయి. ఈ ఒక్క ఇంటి ముందు మాత్రం నేల బోసిగా ఉంది. వంగి గడప మీద వేలు పెట్టి చూశాను. పైన చెక్క ఉత్తదే. కానీ ద్వారబంధం కలిసే మూలల్లో, నీళ్ళు సరిగా తగలని చోట, ఏళ్ళ నాటి పసుపు గట్టిగా పేరుకుని ఉంది. అంటే ఈ ఇంట్లో ఏ శుక్రవారమూ తప్పకుండా పసుపు రాసే మనిషి ఉంది. ఆ మనిషే చేత్తో కడిగేసి ఊరుకుంది. పైన మేకులకి మామిడి తోరణం లేదు. ఒక మేకుకి మాత్రం ఎండిన ఆకు ముక్క వేలాడుతోంది. నిదానంగా విప్పిన తోరణం కాదది, ఒక్క గుంజు గుంజిన తోరణం.

"భవానీ గారూ! ఇంకా ఆ స్కూటర్ మీదే తిరుగుతున్నారా?"

ఫణీంద్ర. అరుగు మీద కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. నున్నగా గీసిన గడ్డం, ఇస్త్రీ చొక్కా, వాకిట్లో తెల్ల కారు.

"నడుస్తోంది కదండీ. మీకు కారు ఎవరు కొనిపెట్టారో నేనేమైనా అడిగానా?"

"సోమవారం ఈ కేసులోకి వచ్చాను. ఆరు రోజుల్లో తేల్చేశాను. మీరు వచ్చి ఆరు నిమిషాలు కాలేదు, అప్పుడే గడపలు తుడుస్తున్నారు." నవ్వి గీతాంజలి వైపు తిరిగాడు. "ఏమ్మా, సంతకం పెట్టేస్తే ఈపాటికి ఇంటికెళ్ళి టిఫిన్ తినేదానివి కదా."

"మీ టిఫిన్ మీరు తినండి" అంది గీతాంజలి. నాకు ఆ పిల్ల ఇంకా నచ్చింది.

చలపతిరావు లోపలినుంచి వచ్చాడు. అరవై దాటిన మనిషి, భారీ విగ్రహం, కళ్ళ కింద నల్లగా దిగబడి ఉంది. పది రోజుల గడ్డం. ఆయన వెనకే భార్య మంగతాయారు, తలుపు రెక్క పట్టుకుని లోపలే నిలబడిపోయింది.

"గడ్డం పెంచారేమిటండీ?" మామూలుగా అడిగాను.

"తమ్ముడు క్షేమంగా తిరిగొస్తే ద్వారకా తిరుమలలో తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నానమ్మా."

"మంచిది. నేనూ మొన్ననే కొండకి వెళ్ళొచ్చాను." హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కుంకుమ పొట్లం తీసి గుమ్మం దగ్గరికి వెళ్ళాను. "పెట్టుకోండమ్మా, స్వామివారి కుంకుమ."

మంగతాయారు చెయ్యి అలవాటుగా ముందుకొచ్చింది. సగంలో ఆగింది. నిప్పు తగిలినట్టు వెనక్కి పోయింది. "వద్దమ్మా... మాకు..." అని, మొగుడి వైపు చూసి నోరు మూసుకుంది.

"అక్కడ పెట్టండి, తర్వాత తీసుకుంటుంది" అన్నాడు చలపతిరావు గబగబా.

పొట్లం మళ్ళీ బ్యాగులో పెట్టుకున్నాను. శ్రావణ మాసంలో ముత్తయిదువ కుంకుమ వద్దనడం నా నలభై ఏడేళ్ళలో చూడలేదు. కారణం ఒక్కటే ఉండాలి. అది వాళ్ళ నోటితోనే చెప్పించాలి.

"పోయిన కుందులు ఆఖరిసారి ఎప్పుడు వాడారండీ?"

"వరలక్ష్మీ వ్రతానికి. ఆ శుక్రవారమే" అన్నాడు చలపతిరావు.

"వ్రతం ఎన్నింటికి మొదలుపెట్టారు?"

"తొమ్మిదిన్నరకి."

"ఎన్నింటికి పూర్తయింది?"

"పన్నెండున్నర అయింది. ముత్తయిదువలకి వాయనాలిచ్చి, భోజనాలయ్యేసరికి రెండు."

"పన్నెండున్నర ఖాయమేనా? ఎస్సై గారు రాసుకుంటున్నారు."

"ఖాయమేనండీ. గడియారం చూశాను."

కెమెరా తెర ఆయన ముఖం ముందు పెట్టాను. "ఇది ఆరూ యాభై రెండు. గడపకి పసుపు, కుంకుమ బొట్లు, పైన మామిడి తోరణం, వాకిట్లో పద్మం ముగ్గు. కళకళలాడుతోంది. ఇది పదకొండూ నలభై ఏడు. పసుపు లేదు, గడప ఇంకా తడిగా మెరుస్తోంది. తోరణం లేదు. ముగ్గు మీద నీళ్ళు కొట్టేశారు. పన్నెండున్నర దాకా లోపల లక్ష్మీదేవిని కూర్చోబెట్టి పూజ చేస్తూ, పదకొండూ నలభై ఏడుకి గుమ్మం బోసి చేసింది ఎవరండీ?"

 ఫణీంద్ర కాలు కిందకి దించాడు.

"ఆడవాళ్ళ విషయాలు... మా ఆవిడ దూరంగా ఉండాల్సొచ్చింది" అన్నాడు చలపతిరావు.

"అమ్మా, మీ వయసెంత?"

"యాభై ఎనిమిది" అంది మంగతాయారు, నేల చూపులు చూస్తూ.

నేను చలపతిరావు వైపు తిరిగాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ఫణీంద్ర లేచాడు. "ఇది దర్యాప్తా, పేరంటమా? కెమెరాలో టైము ఎవరైనా మార్చొచ్చు. ఎస్సై గారూ, మీరు ఇవన్నీ వింటూ కూర్చుంటారా? నేరస్తురాల్ని వెంటేసుకుని ఊరేగిస్తున్నారు!"

"టైము మార్చొచ్చు. ఎండని మారుస్తారా?" అన్నాను. "మొదటి ఫొటోలో స్తంభం నీడ తలుపు నడిమి దాకా ఉంది. రెండోదానిలో నీడే లేదు, చూరు కింద వెలుగు నిట్టనిలువుగా పడుతోంది. మొదటి ఫొటో ఆవేళే ఏడున్నరకి ఈ అమ్మాయి పేజీలో పెట్టింది, ఇందాకే చూశాను. దాని కింద వ్రతం శుభాకాంక్షలు చెప్పినవాళ్ళు నలభై మంది ఉన్నారు. వాళ్ళందరి గడియారాలూ మార్చేశామంటారా?"

"మారిస్తే ఏంటి? గడపకి పసుపు లేకపోతే ఏంటి? పల్లెటూరి చాదస్తాలతో కేసులు నడపడం మీకే చెల్లింది."

"మీకు చాదస్తం. అందుకే మీ కంట పడలేదు."

నేను గుమ్మం వైపు తిరిగాను. ఇంక చలపతిరావుతో పని లేదు.

"అమ్మా, పండగ పూట రాసిన పసుపు చేత్తో కడగడం ఎంత కష్టమో నాకు తెలుసు. దాయాది పోయాడని కబురొస్తే తప్ప ఏ ఇల్లాలూ ఆ పని చెయ్యదు. ఇవాళ్టికి సరిగ్గా పది రోజులు. గడపకి పసుపు లేదు, ముగ్గు లేదు, మీవారికి క్షవరం లేదు, మీరు కుంకుమ ముట్టుకోలేదు. ఈ ఇంట్లో మైల ఉంది. ఎవరి మైలమ్మా ఇది?"

వీధిలో ఎవరి ఇంట్లోనో కుక్కర్ కూత వేసింది. 

"మాట్లాడకు" అన్నాడు చలపతిరావు.

"ఆదివారం రాత్రి తమ్ముడితో కలిసి భోంచేశానని మీరు రాసిచ్చారు. శుక్రవారం పొద్దున్నే తమ్ముడి మైల పట్టారు. రెండు రోజుల ముందు పోయిన మనిషికి అన్నం ఎవరు వడ్డించారండీ?"

"మాట్లాడకన్నానా!" చలపతిరావు అరిచాడు. ఈసారి ఆయన అరిచింది నా మీద కాదు, భార్య మీద కూడా కాదు, తన మీద తనే. 

మంగతాయారు తలుపు రెక్క వదిలింది. "ఎన్నాళ్ళండీ? నేను మాట్లాడతాను. పది రోజులుగా దేవుడి దగ్గర దీపం లేదు, పక్కింటివాళ్ళు అడిగితే ఒంట్లో బాగాలేదని అబద్ధం. సాయిని నా చేత్తో పెంచాను. మీరు చెప్పమన్నట్టల్లా చెప్పాను, ఆదివారం వాడికి పప్పుచారు వడ్డించానని కూడా చెప్పాను. పోలీసులకి అబద్ధం చెప్పగలిగాను కానీ, వాడు పోయాక గడపకి పసుపు రాయలేకపోయానమ్మా. చేతులు రాలేదు."

గీతాంజలి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నెల్సన్ రాయడం ఆపేశాడు.

"కబురు ఎలా తెలిసింది?" మెల్లగా అడిగాను.

"పదిన్నరకి ఈయన ఫోన్ మోగింది. ఈయన పెరట్లో ఉన్నారని పూజ మధ్యలో నేనే ఎత్తాను. మీ చెరువు గట్టు మీద కరెంటు తీగ తగిలి సాయి పోయాడు, మీ ఆయనకివ్వు అన్నాడు ఒకతను."

"ఎవరు?"

మంగతాయారు ఫణీంద్ర వైపు చెయ్యి చూపించింది. "వీరే. అప్పుడు పేరు తెలీదు. గొంతు వీరిదే."

"సోమవారం కదండీ మీరు కేసులోకి వచ్చింది?" అన్నాను.

ఫణీంద్ర నవ్వాడు. నవ్వు బాగానే ఉంది, మునుపటి కంటే కొంచెం ఆలస్యంగా వచ్చింది. "ముసలావిడ ఏదో గొంతు విందట. కోర్టులో నిలబడుతుందా ఇది?"

కానీ చలపతిరావు అప్పటికే అరుగు మీద కూలబడ్డాడు. ఇంక ఎవరూ అడక్కుండానే చెప్పుకుపోయాడు. రాత్రిళ్ళు చేపలు దొంగిలిస్తున్నారని చెరువు చుట్టూ దొంగతనంగా కరెంటు తీగ లాగించాడు. నాగసాయి వద్దని గొడవపడ్డాడు. పొలం మొత్తం చెరువులకి లీజుకివ్వమని ఒక కంపెనీ వాళ్ళు తిరుగుతుంటే, వాటా ఉన్న తమ్ముడు సంతకం పెట్టనని భీష్మించుకుని కూర్చున్నాడు. ఆ కంపెనీ మనిషి ఫణీంద్ర. తీగ లాగింది మీరు, చావు మీ వల్ల, బయటికొస్తే హత్య కేసు మీ మీదే అన్నాడు. శవాన్ని నేను సర్దేస్తాను, తమ్ముడు హైదరాబాద్ వెళ్ళాడని చెప్పండి, సోమవారం ఫిర్యాదివ్వండి అన్నాడు. భయపడ్డాను, ఒప్పుకున్నాను అని తల బాదుకున్నాడు.

"కుందులు?"

"పోలేదమ్మా. బీరువాలో ఉన్నాయి. నిన్న రాత్రి ఈయనొచ్చి ఆ అమ్మాయి పేరు చెప్పి రాసివ్వమన్నాడు. ఎందుకని అడగలేదు."

నా కోపం నెత్తికెక్కింది. తమ్ముడి చావుని దాచుకోవడానికి ఎవరి పిల్లనో జైలుకి పంపడానికి సిద్ధపడ్డ ఈ మనిషిని నాలుగు దులుపుదామనుకున్నాను. కానీ అంతకంటే ముందు అడగాల్సింది ఒకటి ఉంది.

"చలపతిరావు గారూ, శవాన్ని మీరు చూశారా?"

"లేదు."

"మీ మనుషులెవరైనా?"

"చూడొద్దన్నాడు. చూస్తే సాక్షులవుతారన్నాడు."

"తీగ దగ్గర చెప్పులు, బట్టలు, ఏమైనా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. అలా ఊపుతూనే ఆగిపోయాడు. అన్నేళ్ళ మనిషికి అప్పుడు తట్టింది.

"శవం లేనిదే కేసు లేదు భవానీ గారూ. మీకు తెలుసు" అన్నాడు ఫణీంద్ర.

"శవం లేకపోతే మనిషి ఉన్నట్టే కదండీ ఫణీంద్ర గారూ. మీ కంపెనీకి ఇంకా సంతకం పెట్టని మనిషి."

మంగతాయారు మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. చటుక్కున లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చినప్పుడు చేతిలో పసుపు గిన్నె ఉంది. గడప దగ్గర కూర్చుని, నీళ్ళు చిలకరించి, అరచేత్తో పసుపు రాయడం మొదలుపెట్టింది. కన్నీళ్ళు కారుతున్నా చెయ్యి ఆగలేదు. "నా మరిది పోయాడని ఎవరూ నాకు చూపించలేదు. నాకు మైల లేదు" అంది. అలా అంటున్నప్పుడు ఆమె మొగుడి వైపు చూడలేదు. నా కళ్ళు కూడా తడిశాయి, ఎందుకు దాచాలి?

గీతాంజలి ఎవర్నీ అడక్కుండా నెల్సన్ చేతిలోంచి కెమెరా తీసుకుంది. వీధిలోకి నాలుగడుగులు వెనక్కి వెళ్ళి ఫొటో తీసింది.

"ఆపండి! ఏంటీ పిచ్చి పనులు?" ఫణీంద్ర గొంతు మొదటిసారి అదుపు తప్పింది. "నాకు గూడెంలో పనుంది. మీ పేరంటాలు మీరు చేసుకోండి." జేబులోంచి తాళాల గుత్తి తీసి కారు వైపు నడిచాడు.

"ఆగండి. ఆ తాళంచెవి చూపించండి."

అడిగింది నేను కాదు, గీతాంజలి. కారు తాళం పక్కన వేలాడుతున్న పొడుగాటి ఇనప తాళంచెవి మీద ఉంది ఆమె చూపు. నెల్సన్ అడ్డంగా నిలబడి గుత్తి అందుకున్నాడు. తాళంచెవి పళ్ళ సందుల్లో చిలకాకుపచ్చ రంగు పెచ్చులు ఇరుక్కుని ఉన్నాయి.

"ఈ తలుపు నా దగ్గరుందండీ" అంది గీతాంజలి.

కెమెరాలో గబగబా వెనక్కి తిప్పింది.  "ఇదిగో. వ్రతం మర్నాడు, శనివారం, తొమ్మిదీ పది. ఎవరో మహానుభావుడు తాళం తియ్యకుండా తలుపు, గొళ్ళెం, తాళంకప్ప అన్నిటికీ కలిపి ఒకే రంగు కొట్టేశాడు. నవ్వొచ్చి తీశాను. నిన్న రాత్రి ఎనిమిదింటికి పేజీలో పెట్టాను. ఊరి పేరు రాయను నేనెప్పుడూ, రాస్తే పాత సామాన్లవాళ్ళు తలుపులు పీక్కుపోతారు."

తెర మీద పెద్దది చేసింది. ఏళ్ళ నాటి రంగు గడ్డకట్టిన తాళంకప్ప. చెవి దూర్చే చోట మాత్రం రంగు కొత్తగా గీరుకుపోయి ఇత్తడి తళతళలాడుతోంది. ఆ శనివారానికి ఒకటి రెండు రోజుల లోపే ఎవరో ఆ తాళం బలవంతంగా తీసి మళ్ళీ వేశారు. నిన్న ఎనిమిదింటికి పేజీలో పడిన ఫొటో చూసే, పదింటికి ఫణీంద్ర చలపతిరావు చేత కాగితం రాయించాడు. అతనికి కావలసింది చిలకల తలుపు కాదు. ఆ పచ్చ తలుపు, ఆ తారీఖు, ఆ చోటు తెలిసిన ఒకే ఒక్క మనిషి నోరు మూయించడం, ఆమె కెమెరా కార్డు లాక్కోవడం.

"ఎక్కడమ్మా అది?" నెల్సన్ అడిగాడు.

"ఇతని ముందు చెప్పను. జీపెక్కండి, చెప్తాను."

ఆ మాటకి మేమంతా జీపు వైపు తిరిగాం. ఆ మూడు సెకన్లు చాలాయి. ఫణీంద్ర బొటనవేలు జేబులోని ఫోన్ మీద నడిచింది. నేను చూసి అరిచేసరికి ఫోన్ చెవి దగ్గరుంది. "చోటు మార్చెయ్యండి, ఇప్పుడే" అన్నాడు. నెల్సన్ ఎగిరి అతని మణికట్టు మెలితిప్పాడు. ఫోన్ నేల మీద పడింది. కాల్ మాత్రం కట్ కాలేదు. నేను వంగి స్పీకర్ మీద నొక్కాను.

అవతల మోటారు చప్పుడు. ఎవరో రొప్పుతూ మాట్లాడుతున్నాడు.

"మార్చేస్తాం సార్, కానీ వీడు లేవలేకపోతున్నాడు. వదినా వదినా అని గొణుగుతున్నాడు. మోసుకెళ్ళమంటారా, ఇక్కడే కానిచ్చెయ్యమంటారా?"

పసుపు చేతులతో మంగతాయారు లేచి నిలబడింది. ఫణీంద్ర నా కళ్ళలోకి చూస్తూ నోరు గట్టిగా మూసుకున్నాడు. అవతలివాడు జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. గూడెం వైపు వేలు చూపిస్తూ గీతాంజలి అప్పటికే జీపెక్కి కూర్చుంది.

"సార్? చెప్పండి సార్" అంది ఫోన్.